రెండు కొలువుల గాయకుడు – విలియం బర్డ్

పదహారో శతాబ్దపు ఇంగ్లాండులో పాటను ఒట్టి కాలక్షేపంగా ఎవరూ చూడలేదు. ఏ భాషలో పాడారు, ఏ గదిలో పాడారు, ఎవరు విన్నారు అన్నదాన్ని బట్టి జీతమూ దొరికేది, జైలూ దొరికేది. విలియం బర్డ్ జీవితం చదివాకే నాకీ సంగతి బోధపడింది. సైన్సు చదివేవాడికి ఈ గొడవెందుకని మిత్రులు నవ్వవచ్చు. అన్నం పెట్టే చోట ఒక మాట, మనసు నమ్మేది మరొక మాట అయినప్పుడు మనిషి ఎట్లా బతుకుతాడన్న ప్రశ్న అన్ని గ్రూపుల వాళ్ళకూ ఒకటే కదా!

బర్డ్ 1540 ప్రాంతంలో పుట్టాడు. 1563లో లింకన్ పట్టణపు పెద్ద చర్చిలో ఆర్గన్ వాయించడం, పిల్లలకు పాట నేర్పడం ఆయన ఉద్యోగం. 1569లో చర్చి పెద్దలు కొంతకాలం ఆయన జీతం నిలిపేశారు. అప్పటికి మతసంస్కరణ ఊపు మీద ఉంది. 1559 చట్టంతో చర్చిలో ప్రార్థన ఇంగ్లీషులోకి మారింది. కాథలిక్కుల లాటిన్ పూజ నేరమైంది. ప్యూరిటన్లయితే ఆర్గనే వద్దన్నారు. జనమంతా కలిసి సాదా వరుసలో కీర్తనలు పాడుకుంటే చాలన్నారు. కాని ఎలిజబెత్ రాణి స్వయంగా వర్జినల్స్ అనే మీటల వాద్యం వాయించేది. తన ప్రార్థనా మందిరంలో మేలైన గాయకులుండాలని ఆమె పట్టుదల. 1572 నాటికి బర్డ్ లండనులో ఆ కొలువులో ఉన్నాడు.

1575లో రాణి ఆయనకూ, వృద్ధ విద్వాంసుడు థామస్ టాలిస్‌కూ 21 ఏళ్ళపాటు సంగీత పుస్తకాలు అచ్చువేసే హక్కు ఇచ్చింది. ఇద్దరూ చెరి 17 లాటిన్ గీతాలతో ఒక సంపుటి వేసి ఆమెకు అంకితం చేశారు. పుస్తకం సరిగా అమ్ముడుపోలేదు. 1577లో తమకు నష్టం వచ్చిందని రాణికి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది.

1588లో వేసిన ఇంగ్లీషు పాటల పుస్తకం మాత్రం బాగా పోయింది. అందరూ పాట నేర్చుకోవాలంటూ దాని మొదట్లో ఎనిమిది కారణాలు రాశాడు. గురువుంటే త్వరగా వస్తుందట, రొమ్ముకు బలమట, నత్తి పోతుందట, మంచి వక్తలను తయారుచేస్తుందట! కలిగినవాళ్ళ ఇళ్ళల్లో పాట చదువులో భాగమైన కాలం కాబట్టి ఆ మాటలు చెల్లాయి.

ఆ సంగీతం తీరు కొంచెం చెప్పాలి. మన భజనలో అందరిదీ ఒకే వరుస. అక్కడ నలుగురైదుగురు వేర్వేరు వరుసలు ఒకేసారి పాడతారు. అన్నీ కలిస్తేనే పాటకు నిండుదనం. ఎవరి పుస్తకం వాళ్ళది, అందులో వాళ్ళ వరుస ఒక్కటే ఉంటుంది. ఒక్కడు రాకపోతే పాట కుంటుతుంది. అంటే పాటకు నమ్మకమైన మనుషులు కావాలి.

ఆ నమ్మకం బర్డ్‌కు మరీ అవసరం, ఎందుకంటే ఆయన కాథలిక్కు. 1577 నుంచే ఆయన భార్య జూలియానా పేరు చర్చికి రానివాళ్ళ జాబితాలోకి ఎక్కింది. తర్వాత ఆయనదీ ఎక్కింది. 1581 చట్టం ప్రకారం జుల్మానా నెలకు 20 పౌన్లు. రాణి కొలువులో గాయకుడి జీతం ఏడాదికి 30 పౌన్లు! లెక్క చూస్తే గుండె ఆగుతుంది. పెద్దల అండ ఉండబట్టి ఆయన నిలదొక్కుకున్నాడు.

1593 ప్రాంతంలో ఎసెక్స్‌లోని స్టాండన్ మాసీ గ్రామానికి మకాం మార్చాడు. దగ్గరలోనే ఇంగేట్‌స్టోన్‌లో పీటర్ వంశం వారి భవంతి. వాళ్ళూ కాథలిక్కులే. అలాంటి ఇళ్ళల్లో తలుపులు మూసుకుని చేసే పూజ కోసం నాలుగు, మూడు, అయిదు గొంతులకు మూడు మాస్‌లు కట్టాడు. 1592–95 మధ్య అవి అచ్చయ్యాయి. ముఖపత్రం లేదు, తేదీ లేదు, అచ్చువేసినవాడి పేరు లేదు. బర్డ్ పేరు మాత్రం ఉంది! ఈ ఒక్క సంగతి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. తేదీని దాచినవాడు తన పేరును దాచుకోలేదు.

1605లో ఏడాది పొడుగునా వచ్చే కాథలిక్ పండుగలకు కావలసిన లాటిన్ పాటలు ‘గ్రాదువాలియా’ పేరుతో తెచ్చాడు. అదే నవంబరులో పార్లమెంటును పేల్చివేయబోయిన కుట్ర బయటపడింది. ఆ పుస్తకాలు దగ్గర ఉన్నందుకు ఒక ఫ్రెంచివాణ్ణి పట్టుకుని జైల్లో పెట్టారు. కట్టినవాడు మాత్రం రాజుగారి కొలువు గాయకుడే! భయపడి ఊరుకోకుండా 1607లో రెండో సంపుటి వేసి జాన్ పీటర్ ప్రభువుకు అంకితమిచ్చాడు.

1622లో రాసిన వీలునామాలో కాథలిక్కుగానే చనిపోవాలని కోరుకున్నాడు. 1623 జులై 4న కన్నుమూశాడు. రాజకొలువు చిట్టాలో ఆ మరణం నమోదు చేసినవాళ్ళు ఆయన్ను సంగీతానికి తండ్రి అని రాశారు. ఆ చిట్టా ప్రొటెస్టెంటు కొలువుది.

ఆయన కొలువు వదలలేదు, నమ్మకమూ వదలలేదు. కొందరు దీన్ని లౌక్యం అంటారు. నెలకు 20 పౌన్ల జుల్మానా తల మీద వేలాడుతుండగా పుస్తకం మీద సొంత పేరు వేసుకోవడాన్ని నేను మాత్రం లౌక్యం అనలేను.