బ్రౌన్‌ దొర చెవి.. మీకూ పనికొచ్చే పాఠం

మోమిన్‌పేట్‌ నుంచో, వికారాబాద్‌ నుంచో రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్తున్నారా? హైదరాబాద్‌ కంపెనీల ప్రకటనల్లో స్పానిష్‌ వచ్చినవాళ్లు కావాలని చూసి, మనకెక్కడ నోరు తిరుగుతుందిలే అని వదిలేశారా? అయితే ఒక్కసారి చార్లెస్‌ ఫిలిప్‌ బ్రౌన్‌ కథ వినండి. తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆయనది ఇంచుమించు మీ వయసే.

బ్రౌన్‌ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్‌ బ్రౌన్‌ క్రైస్తవ మతబోధకుడు. 1812లో తండ్రి చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండ్‌ వెళ్లిపోయింది. అక్కడి హెయిలీబరీ కాలేజీలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువు కోసం 1817లో మద్రాసులో దిగారు. కొలువు నిలవాలంటే ఇక్కడి భాషలో పరీక్ష పాసవ్వాలి. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టి, 1820లో పరీక్ష గట్టెక్కి కడప చేరారు.

ఇంగ్లిష్‌ నోటికి తెలుగు ఎంత కష్టమో తెలుసా? వాళ్ల 'టి' మన 'త' కాదు, అచ్చంగా 'ట' కూడా కాదు. కాస్త తేడా పడితే 'పాత' కాస్తా 'పాట' అయిపోతుంది. 'కల', 'కళ' వాళ్ల చెవికి ఒకటే. కడప కలెక్టరు హాన్‌బరీ మాత్రం తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. దాంతో అక్కడ బ్రౌన్‌కు పుస్తకంలోని తెలుగే కాదు, జనం నోటి తెలుగూ వినిపించింది.

ఆ వినికిడి ఆయన్ని వదల్లేదు. వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చు వేయించారు. కడప బంగళాలో పండితులకు సొంత జీతంలోంచి డబ్బులిచ్చి కావ్యాలు పరిష్కరింపజేశారు. అప్పులపాలయ్యారు. 1834లో ఉద్యోగమూ పోయింది. అయినా తిరిగొచ్చి, 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లిష్‌ నిఘంటువు తెచ్చారు. 'చెట్టు'లో 'చ' వేరు, 'చలి'లో 'చ' వేరు కదా! మనం రోజూ పలుకుతూ పట్టించుకోని ఆ తేడాను ఆయన నిఘంటువులో విడిగా చూపించారు. 1854లో తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, ఫారసీ లాంటి పరభాషా పదాలకూ ఒక నిఘంటువు వేశారు. మన మాటలో ఉర్దూ కలుస్తుందని సిగ్గుపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

1855లో ఇంగ్లండ్‌ వెళ్లిపోయిన బ్రౌన్‌, 1865లో లండన్‌ విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసర్‌ అయ్యారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

ఇప్పుడు మీ సంగతికొద్దాం. స్పానిష్‌ నేర్చుకునే ఇంగ్లిష్‌వాళ్లు తడబడే చాలా చోట్ల మీరు ముందే గెలిచి ఉన్నారు. స్పానిష్‌ 'టి' అక్షరం మన 'త'. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. 'ర' నాలుక మీద ఆడటం మనకేం కొత్త? 'జె' అక్షరాన్ని ఉర్దూ 'ఖబర్‌'లోని 'ఖ'లా గొంతులోంచి పలకాలి. మోమిన్‌పేట్‌లో ఆ శబ్దం వినాలంటే క్లాసుకు వెళ్లక్కర్లేదు, ఉర్దూ మాట్లాడే దోస్తు చాలు.

ఇబ్బంది ఎక్కడంటే, స్పెల్లింగ్‌ను ఇంగ్లిష్‌లా చదివేయడంలో. 'హెచ్‌' కనిపిస్తుంది కానీ పలకదు, కాబట్టి 'హోలా' కాదు, 'ఓలా'. 'వి' అక్షరం కూడా 'బి'లాగే పలుకుతుంది. అందుకే ముందు వినండి, తర్వాత పలకండి, ఆ తర్వాతే చదవండి. మీ గొంతును ఫోన్‌లో రికార్డు చేసి, అసలు మాటతో పోల్చి చూడండి. రోజుకు పది మాటలు చాలు. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో స్పానిష్‌ కోర్సులున్నాయి, ప్రవేశ ప్రకటనలపై ఓ కన్నేయండి. పరాయి దేశం నుంచి వచ్చి మన 'చ'లో తేడా పట్టినాయన ఉన్నాడు. మన చెవికి మాత్రం ఏం తక్కువ?