మహిళల ఓటుకు బాట వేసిన మార్గరెట్ కజిన్స్

కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో పోలింగు నాడు మహిళలు బారులు తీరడం నేడు ఎవరికీ వింతగా తోచదు. 1917లో మాత్రం ఈ దేశంలో ఏ మహిళకూ చట్టసభకు ఓటు వేసే హక్కు లేదు. ఆ హక్కు కోరుతూ ప్రభుత్వానికి సమర్పించిన తొలి వినతిపత్రం వెనుక ఉన్న వ్యక్తి, మదనపల్లెలో కాపురమున్న ఐర్లండు వనిత మార్గరెట్ కజిన్స్. పట్టణంలో ఆమె పేరెత్తితే జాతీయగీతమే గుర్తుకు వస్తుంది. 1919 ఫిబ్రవరిలో థియోసాఫికల్ కళాశాలకు విచ్చేసిన రవీంద్రుని గీతానికి స్వరలిపి వ్రాసినది ఆమే. అయితే ఆమె చేసిన కృషిలో అది ఒక ఘట్టం మాత్రమే.

మార్గరెట్ 1878 నవంబరు 7న బాయిల్ పట్టణంలో జన్మించారు. సంగీతంలో పట్టభద్రురాలు. 1908లో ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘాన్ని నెలకొల్పినవారిలో ఒకరు. ప్రభుత్వ భవనాల అద్దాలు పగులగొట్టి 1910లో లండన్‌లోనూ, 1913లో ఐర్లండులోనూ కారాగారవాసం అనుభవించారు. 1915లో భర్త జేమ్స్‌తో భారతదేశానికి వచ్చారు. ఆయన మదనపల్లె కళాశాలలో అధ్యాపకులయ్యారు.

ఇక్కడ ఆమె రాళ్లు పట్టలేదు. అధ్యాపకుల ఇళ్లలోని స్త్రీలను ఒకచోట చేర్చి అబలా అభివర్ధినీ సమాజాన్ని నడిపారు. 1917 మేలో అడయారులో అనిబిసెంట్ అధ్యక్షురాలిగా భారత మహిళా సంఘం ఏర్పడినప్పుడు కార్యభారం వహించారు.

అదే ఏడాది భారత మంత్రి మాంటేగు మద్రాసు రానున్నారని తెలిసింది. స్త్రీవిద్య గురించి ఆయనకు విన్నవించాలన్నది మార్గరెట్ తొలి ఆలోచన. రాజకీయ విషయాలపై వచ్చే ప్రతినిధులనే కలుస్తారని అధికారులు బదులిచ్చారు. ఆ అడ్డంకినే ఆమె అవకాశంగా మలచుకున్నారు. వినతిపత్రంలో ఓటుహక్కును చేర్చారు. డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళలు మాంటేగును కలిశారు. గుమాస్తా పద్ధతిలో వచ్చిన ఒక తిరస్కారం ఉద్యమానికి ఊపిరి పోయడం విచిత్రమే.

ఓటుహక్కుల సంఘం 1919లో ఆ కోరికను తోసిపుచ్చింది. చివరకు నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలేశారు. 1921లో మద్రాసు శాసనమండలి అందరికంటే ముందుగా మహిళలకు ఓటు ఇచ్చింది. ఆస్తి నిబంధన వల్ల అది కొద్దిమందికే దక్కిందన్నది మరువరాదు. కూలినాలి చేసుకునే పల్లె మహిళకు ఆ చట్టంతో ఒరిగిందేమీ లేదు.

1922లో మార్గరెట్ సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా నియమితులయ్యారు. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ ఆమె చొరవతోనే మొదలైంది. న్యాయపీఠంపై కూర్చున్న ఆమెనే, ప్రభుత్వ ఆర్డినెన్సులను విమర్శించినందుకు 1932లో అరెస్టు చేసి వేలూరు జైలులో ఉంచారు.

చివరి సంవత్సరాలలో పక్షవాతం ఆమెను మంచాన పడవేసింది. 1954 మార్చి 11న అడయారులో కన్నుమూశారు. అప్పటికి రెండేళ్ల కిందటే, ఆస్తితో నిమిత్తం లేకుండా వయోజన మహిళలందరికీ ఓటున్న తొలి సార్వత్రిక ఎన్నికలు ముగిశాయి.