వినికిడిని కొలిచిన గ్రాహంబెల్



గ్రాహంబెల్ అనగానే మనకు టెలిఫోను గుర్తుకొస్తుంది. పోటీ పరీక్షల బిట్లలోనూ అదే అడుగుతారు. కానీ ఆయన జీవితమంతా బధిరులతోనే ముడిపడి ఉందని చాలామందికి తెలియదు.

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1847 మార్చి 3న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. తల్లికి వినికిడి చాలా తక్కువ. తండ్రి ఉచ్చారణ నేర్పే పండితుడు. తోడబుట్టిన ఇద్దరూ క్షయతో చనిపోగా 1870లో కుటుంబం కెనడాకు వలస వెళ్లింది. మరుసటి ఏడాది నుంచి ఆయన అమెరికాలోని బోస్టన్‌లో బధిర బాలలకు పాఠాలు చెప్పారు. 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందారు. 1877లో తన శిష్యురాలు మేబెల్‌ను వివాహమాడారు. ఐదేళ్ల వయసులో వచ్చిన జ్వరం ఆమె వినికిడిని తీసుకుపోయింది.

ఆయన ఆడియోమీటరు తయారుచేశారు. తర్వాత దానితో బడిపిల్లల చెవులను పరీక్షించారు. డెసిబెల్ అనే కొలతలోని బెల్ ఆయన పేరే.

నేటి పరీక్షలో 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు స్వరాలు వినిపించి, ఒక్కోచోట వినబడే అతి తక్కువ శబ్దాన్ని రాస్తారు. ఒక్కోసారి ఒక గడి ఖాళీగా మిగులుతుంది. 3000 దగ్గర పరీక్షించకపోతే, 2000 దగ్గర 40, 4000 దగ్గర 60 డెసిబెల్స్ ఉంటే, సగటున 50 అని అంచనా వేస్తారు. కానీ యంత్రం ఎంత గట్టిగా మోగినా వినబడకపోతే అది వేరే సంగతి. అక్కడ సున్నా వేస్తే ఘోరమైన తప్పు. ఎందుకంటే సున్నా అంటే చక్కగా వినబడుతున్నట్టు లెక్క.

బెల్ జీవితంలోనూ అలాంటి ఖాళీ గడి ఉంది. బధిరులు సైగల భాష మాని నోటితోనే మాట్లాడాలని ఆయన పట్టుబట్టారు. బధిరులు ఒకరినొకరు పెళ్లాడటం మంచిది కాదని 1883లో శాస్త్రవేత్తల సభలో వాదించారు. వారికేం కావాలో వారిని అడగకుండా తన ఊహతో నింపారు. బధిర సమాజం ఆ బాధను నేటికీ మరచిపోలేదు. 1922 ఆగస్టు 2న ఆయన కెనడాలో కన్నుమూశారు.

మేమూ హాస్టల్ అన్నం తిని, మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ దాటినవాళ్లమే. అందుకే చెబుతున్నాం. హాజరు పిలిచినప్పుడు పలకని తమ్ముణ్ణి మొద్దు అనకండి. ముందు బెంచీలో కూర్చోబెట్టండి, వార్డెన్ సారుకు చెప్పి ప్రభుత్వాసుపత్రిలో చెవి పరీక్ష చేయించండి. ఏం వినబడుతోందో వాణ్ణే అడగండి. తెలియని గడిలో సున్నా మాత్రం వేయకండి.