నాణెం మీద తన పేరు తీసేసిన సుల్తాను

ఎవరు తలాతోకా లేని ఉత్తర్వు జారీ చేసినా తుగ్లక్ పాలన అనడం మనకు అలవాటైపోయింది. ఆ పేరుగల సుల్తాను మన గోదావరి తీరానికి పరాయివాడేమీ కాదు. భీమవరం నుంచి పనుల మీద రాజమండ్రి వెళ్ళేవారు అక్కడి పాత మసీదును చూసే ఉంటారు. దాని ఫారసీ శాసనం క్రీ.శ. 1324 నాటిది. అందులో పేర్కొన్న ఉలుగ్ ఖానే మరుసటి సంవత్సరం ఢిల్లీ గద్దెనెక్కి మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు.

తండ్రి గియాసుద్దీన్ పంపగా 1323లో ఓరుగల్లును జయించి, ఆ నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టింది ఈయనే. తిలంగ్ అనే మన ప్రాంతం పేరు తుగ్లకుల నాణేల మీదకు కూడా ఎక్కింది.

పత్రికలు లేని ఆ రోజుల్లో రాజ్యం ఎవరిదో ప్రజలకు తెలిసేది రెండు విధాలుగానే. ఒకటి జుమా ఖుత్బాలో వినిపించే పేరు, రెండవది నాణెం మీద కనిపించే పేరు. హిజ్రీ 77లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బంగారు దీనారు మీది బొమ్మలు తీసేసి అక్షరాలు మాత్రమే ఉంచినప్పటి నుంచి ముస్లిం పాలకులు తాము చెప్పదలచిన మాటను నాణెం మీదనే చెప్పసాగారు.

మహమ్మద్ బిన్ తుగ్లక్‌కు ఈ సంగతి బాగా తెలుసు. తొలినాళ్ళ బంగారు నాణేల మీద ఆయన కలిమాతోపాటు నలుగురు తొలి ఖలీఫాల పేర్లు వేయించాడు. పాత టంకా సుమారు 11 గ్రాములుండగా, దాదాపు 13 గ్రాముల దీనారు ముద్రించాడు. అంత అందమైన అక్షరాలు ఢిల్లీ నాణేల మీద అరుదు.

తర్వాత సుమారు 1330లో ఆయన ఇత్తడి, రాగి బిళ్ళలను వెండి టంకాతో సమానంగా చెల్లించాలని శాసించాడు. చైనాలో కాగితపు డబ్బు చెల్లుతున్న కాలం కనుక ఆలోచన మరీ వింతది కాదు. సుల్తానుకు విధేయుడైనవాడు దైవానికీ విధేయుడేనన్న అర్థం వచ్చే మాటలు ఆ బిళ్ళల మీద చెక్కించాడు. కానీ వాటికి నకళ్ళు చేయకుండా ఆపే ఏర్పాటేదీ చేయలేదు. దొంగ బిళ్ళలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి, వర్తకులు వాటిని తీసుకోవడం మానేశారు. చివరకు సుల్తాను తన ఖజానా నుంచి బంగారం, వెండి ఇచ్చి వాటిని వెనక్కు తీసుకున్నాడు. ఆ బిళ్ళలు తుగ్లకాబాద్‌లో గుట్టలుగా పడి ఉండేవని చరిత్రకారుడు బరనీ రాశాడు.

ఆ దశాబ్దంలోనే ఓరుగల్లు ముసునూరి కాపయ నాయకుని వశమైంది. తిరుగుబాట్లు పెరిగిన కొద్దీ సుల్తానుకు తన అధికారానికి ధర్మబద్ధమైన ఆమోదం కావాలనిపించింది. 1258లో బాగ్దాద్ పతనమయ్యాక అబ్బాసీ ఖలీఫాలు కైరోలో ఉంటున్నారు. సుమారు 1340 నుంచి ఆయన బంగారు నాణేల మీద తన పేరు పూర్తిగా తీసేసి ఖలీఫా ముస్తక్ఫీ పేరు వేయించాడు. ఆ ఖలీఫా 1340లోనే మరణించాడు. ఆ వార్త ఢిల్లీకి చేరేదాకా పోయిన మనిషి పేరునే నాణేలు ముద్రిస్తూ పోయారు. కైరో నుంచి ఆమోదపత్రం, గౌరవవస్త్రాలు 1344 ప్రాంతంలో అందాయి. అవి వచ్చేవరకూ జుమా, ఈద్ నమాజులను సైతం ఆపించాడని బరనీ చెబుతాడు. తర్వాత కొత్త ఖలీఫా హాకిమ్ పేరుతో నాణేలు వెలువడ్డాయి.

అయినా తిరుగుబాట్లు ఆగలేదు. 1347లో దక్కనులో బహమనీ రాజ్యం వెలసింది. ఒక తిరుగుబాటుదారుని తరుముతూ సింధులోని థట్టా చేరువకు వెళ్ళిన సుల్తాను 1351 మార్చిలో అక్కడే కన్నుమూశాడు.

ఆయన విద్వాంసుడు, దానశీలి. కఠిన శిక్షలకూ పేరుపడ్డవాడు. ఇత్తడి మీద దైవవిధేయత గురించి రాయించినా, బంగారం మీద ఖలీఫా పేరు చెక్కించినా జనం నమ్మకం మాత్రం ఆయనకు దక్కలేదు. పాలకుని మాటను ప్రజలు అమానతుగా స్వీకరిస్తారు. ఆ అమానతుకు ఖియానత్ జరిగిందని ఒకసారి తోచాక నాణెం మీద ఎంత పెద్ద పేరున్నా వారు దాన్ని తూకం వేసే తీసుకుంటారు. ఈనాటికీ తుగ్లక్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆయన మేలిమి దీనారు కాదు, ఆ ఇత్తడి బిళ్ళే.