మిగిలిన ముక్కలు పోగుచేసిన బ్రౌను దొర



గలిలయ సముద్రపు ఒడ్డున అయిదువేలమంది తృప్తిగా భుజించిన దినమున, ప్రభువు తన శిష్యులకు కడపట ఒక పని అప్పగించెను. జనులు తిని లేచిన పిమ్మట గడ్డిమీద మిగిలియున్న రొట్టె ముక్కలను ఏరి కూర్చుమని ఆయన ఆజ్ఞాపించెను. అయిదు రొట్టెలతో అంతమందిని పోషించినవానికి ఆ ముక్కలతో అవసరమేమి? అయినను అవి వృథాగా పోవుట ఆయనకు ఇష్టము కాలేదు. పండ్రెండు గంపలు నిండెనని యోహాను సువార్త 6వ అధ్యాయములో చదువుచున్నాము. ఈ నెల మేము ఆ గంపలను మనస్సునందుంచుకొని, ముక్కలు పోగుచేయుటలోనే తన ఆయుష్కాలమును గడిపిన ఒక మనుష్యుని చరిత్రను మీకు చెప్పగోరుచున్నాము. ఆయన పోగుచేసినవి తెలుగువారి యిండ్లలో అటకలమీద నశించుచున్న పాత పుస్తకములు.

ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌన్‌గారు అక్కడ కంపెనీవారి క్రింద చాప్లెనుగా నుండిన దైవసేవకుడు. శ్రీరాంపురపు మిషనరీ విలియం కేరీగారికి పరిచయస్థుడు. ఆయన తన పిల్లలకు హెబ్రీ, గ్రీకు మొదలైన భాషలను చిన్ననాటనే నేర్పించెను. 1812లో ఆయన ప్రభువునందు నిద్రించగా కుటుంబము ఇంగ్లండుకు వెళ్లిపోయెను. ఆ సంవత్సరమే మార్చి 11న శ్రీరాంపురపు అచ్చుకూటము తగులబడి, కేరీగారును ఆయన తోడివారును ఏండ్ల తరబడి వ్రాసికొనిన చేవ్రాతలలో అనేకము బూడిదయ్యెను. కాగితముమీద నిలిచిన శ్రమ ఎంత త్వరగా నశించునో ఆ కాలపువారు కన్నులార చూచిరి.

బ్రౌన్‌గారు 1817లో మద్రాసుకు వచ్చి, కంపెనీ కొలువుకొరకు తెలుగు నేర్చుకొనిరి. 1820లో కడపకు, తరువాత మచిలీపట్నమునకు, రాజమహేంద్రవరమునకు ఉద్యోగముమీద వెళ్లిరి. కచేరీలో రైతులతో మాటలాడుటకు, అర్జీలు చదువుటకు చాలినంత తెలుగు వచ్చినయెడల అధికారులు తృప్తిపడెడి దినములవి. ఆయన అంతటితో తృప్తిపడలేదు. ఫ్రెంచి మతగురువైన దుబాయిగారు వ్రాసిన పుస్తకములో వేమన అను కవినిగూర్చి చదివి, ఆ కవి పద్యములను వెదకనారంభించిరి. వేమన పద్యములు పామరుల నోట వినబడినను పండితులు వాటిని గొప్పగా ఎంచలేదు. ఒక ఊరి ప్రతిలో ఉన్న పద్యము మరియొక ఊరి ప్రతిలో లేదు. ఉన్నను మాటలు వేరుగా ఉండెను. ఆయన అనేక ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, దాదాపు 700 పద్యములను ఇంగ్లీషు అనువాదముతోకూడ 1829లో మద్రాసులో అచ్చువేయించిరి.

ఆ పని ఆయనను విడువలేదు. ఆ కాలమున తెలుగు పుస్తకములు చాలవరకు తాటాకులమీదనే యుండెను. ఆకుమీద ఘంటముతో గీసి, మసి పూసి, రెండు బద్దల నడుమ త్రాటితో కట్టి ఉంచెడివారు. పురుగు తొలిచినను, వాన తగిలినను ఆకు చెడును. ఎవరైనను తిరిగి వ్రాయనియెడల ఆ గ్రంథము అంతటితో పోవును. చదువువారు తగ్గినందున తిరిగి వ్రాయించువారును తగ్గిరి. బ్రౌన్‌గారు మనుష్యులను పంపి పుస్తకములను కొనిరి. అమ్మనివారియొద్ద ఎరువు తీసికొని నకలు వ్రాయించిరి. కడపలో తాము కొనిన బంగళాలో పండితులను, వ్రాయసకాండ్రను పెట్టుకొని, వారికి తమ సొంత జీతములోనుండి జీతములిచ్చిరి. ఆ బంగళాను జనులు బ్రౌను కాలేజీ అని పిలిచిరి. జీతము చాలనప్పుడు ఆయన అప్పులు చేసిరి.

ఆయన పెద్ద కావ్యములను మాత్రమే ఏరుకొనలేదు. ఊరి కథలు, పాటలు, సామెతలు, జాబులు, అర్జీలు, స్థానిక వృత్తాంతములు, అనగా పండితుడు ప్రక్కకు నెట్టివేయు కాగితములను సహితము దాచిరి. సామాన్యుడు ఎట్లు మాటలాడునో, ఎట్లు జాబు వ్రాయునో వాటివలననే తెలియునని ఆయన ఎరుగును.

ఇక్కడ మన విశ్వాసులలో కొందరు ఒక ప్రశ్న అడుగవచ్చును. చాప్లెను కుమారుడు పురాణములను, ప్రబంధములను పోగుచేయుటకు అంత ధనము వెచ్చించుట తగునా? మేము దీనినిగూర్చి ఆలోచించితిమి. ఆయన మిషనరీ కాడు, కంపెనీ ఉద్యోగి. ఆయనను మిషనరీగా చూపుట సత్యము కాదు. అయితే మనము ప్రార్థించు భాష మన సంఘములలో పుట్టినది కాదు. కృప, రక్షణ, నీతి, పాపము అను మాటలు సువార్త మన దేశమునకు రాకముందే తెలుగువారి పుస్తకములలోను నోళ్లలోను ఉండెను. భాష నశించినయెడల దానిలో ప్రకటింపబడు వాక్యమునకు నోరెక్కడిది? బ్రౌన్‌గారు పోగుచేసిన మాటలనుండి పుట్టిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సంఘమువారి అచ్చుకూటములోనే అచ్చయ్యెను. తరువాత వచ్చిన మిషనరీలు తెలుగు నేర్చుకొనుటకు ఆ నిఘంటువును, 1840లో వెలువడిన ఆయన వ్యాకరణమును సాధనములుగా వాడుకొనిరి.

1830ల నడుమ ఆయన కొంతకాలము లండనులో నుండిరి. అక్కడ కంపెనీవారి గ్రంథాలయములో, లేడన్ అను పండితుడు పూర్వము సేకరించిన దక్షిణదేశపు చేవ్రాతలు అడుగువారు లేక పడియుండెను. బ్రౌన్‌గారు వాటిని కనుగొని, మద్రాసుకు పంపించునట్లు ప్రయత్నించి సాధించిరి. తాము సేకరించిన రెండువేలకు పైబడిన గ్రంథములను బ్రతికియుండగానే మద్రాసులోని విద్వత్సంఘమునకు అప్పగించిరి. ఆ సేకరణ నేటికిని చెన్నపట్టణములోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములో నున్నది. వివాహము చేసికొనక జీవించిన ఆయన ఉద్యోగము విరమించి లండనుకు వెళ్లి, అక్కడ విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యులుగా నుండి, 1884 డిసెంబరు 12న మరణించిరి. కడప బంగళా కాలక్రమమున శిథిలమైపోయెను. ఆ స్థలములో 20వ శతాబ్దపు చివర జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలైనవారి ప్రయాసవలన ఆయన పేరిట గ్రంథాలయము వెలసెను.

ఒక సంగతి మరువరాదు. యిర్మీయా పలుకగా బారూకు సిరాతో వ్రాసెను. యెహోయాకీము రాజు ఆ గ్రంథపు చుట్టను కత్తితో కోసి కుంపటిలో వేసి కాల్చినప్పుడు, బారూకు మరియొక చుట్ట తీసికొని మరల మొదటినుండి వ్రాసెను. మునుపటికంటె ఎక్కువ మాటలును చేర్చబడెను. బారూకు చేయి లేనియెడల ఆ ప్రవచనము మనయొద్దకు ఎట్లు వచ్చును? బ్రౌన్‌గారికి జూలూరి అప్పయ్యగారు, అద్వైత బ్రహ్మయ్యగారు మొదలైన పండితులు అట్టివారు. వారుగాక, దీపపు వెలుగులో ఆకులు చదివి కాగితముమీద ఎక్కించిన వ్రాయసకాండ్రు అనేకులుండిరి. దొర పేరు నిఘంటువుమీద అచ్చుపడెను. వారి పేళ్లు అట్టమీదికి ఎక్కలేదు. వారి చేతిపనిని దేవుడు ఎరుగును.

ఇప్పుడు మన సంఘములను చూచుకొందము. మన గుడి బీరువాలో ఏమున్నది? పూర్వపు బాప్తిస్మపు రిజిస్టరు, అట్ట ఊడిన కీర్తనల పుస్తకము, సండేస్కూలు చిత్రపు కార్డులు, కన్వెన్షను కరపత్రములు, పాత సంఘ పత్రికలు. వెల్లవేయు దినమున వీటిని చెత్తతోకూడ ఊడ్చివేయు ఊళ్లు ఉన్నవి. పాతకాగితముల వానికి తూకమునకు వేయు ఇండ్లును ఉన్నవి. తాత ఏ సంవత్సరమున బాప్తిస్మము పొందెనో, మన ఊరికి మొదట సువార్త తెచ్చినదెవరో చెప్పు కాగితము ఆ కట్టలోనే యుండవచ్చును. మన పెద్దలలో అనేకులకు సమాధి రాయి కూడ లేదు. వారి పేరు లోకములో వ్రాయబడియున్న చోటు ఆ రిజిస్టరొకటే.

కాబట్టి ప్రతి సంఘమును ఒక మంచి పెట్టెను ఏర్పరచవలెనని మేము కోరుచున్నాము. దానిని నేలకు తగులకుండ, గోడకు ఆనకుండ ఎత్తుగా ఉంచి, ఎండు వేపాకు వేసి, వర్షాకాలము ముందును తరువాతను తెరచి చూడవలెను. చదువు తెలిసిన పిల్లలు మాసిపోవుచున్న పుటలను పెద్దలయొద్ద కూర్చుండి మంచి దస్తూరితో నకలు వ్రాయవలెను. ఫోనులున్న యౌవనస్థులు పుట పుటకు ఫొటో తీసి ఉంచవలెను. ముసలి అవ్వలయొద్ద ఉన్న కరపత్రమును అడిగి తీసికొనునప్పుడు, దానిని ఎవరు ఎప్పుడు ఇచ్చిరో కూడ వ్రాసికొనవలెను. ఇందుకు ధనము అంతగా పట్టదు, ఓపిక కావలెను.

పండ్రెండు గంపలు నింపినవారు జనులు తృప్తిగా తినువరకు ఆగి, వంగి, గడ్డిలో చేతులు పెట్టి వెదకిరి. మన ఊరి గడ్డిలో ఇంకను ముక్కలున్నవి. ప్రభువు మనకు వంగు మనస్సు దయచేయును గాక. ఆమేన్.