బలవంతులను నిలదీసిన న్యాయవాది రాజాజీ

కృష్ణగిరి పట్టణానికి కాపుగా నిలిచిన కొండకోటయు, హోసూరుకు పోవు దారిలోని రాయకోట దుర్గమును ఈ సీమ చరిత్రకు మూగసాక్షులు. మైసూరు పాలకులకును ఆంగ్లేయుల కంపెనీకిని నడుమ సాగిన యుద్ధాలలో ఈ గడ్డ పలుమార్లు నలిగింది. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితో కృష్ణగిరి చేరియున్న బారామహల్ కంపెనీ వశమైంది. 1799లో టిప్పు సుల్తాను పతనానంతరం హోసూరు ప్రాంతం కూడా వారి చేతికి చిక్కింది. ఈ రెండు సందర్భాలలోను ఇక్కడి రైతు సమ్మతిని గాని, నేతగాని సమ్మతిని గాని అడిగిన వారు లేరు. గెలిచినవాడు గీసినదే సరిహద్దు, చెప్పినదే చట్టం అయింది. అట్టి గడ్డమీద జన్మించిన ఒక బాలుడు పెరిగి పెద్దవాడై, బలవంతుని మాటే చట్టం కారాదని తుదిశ్వాస వరకు వాదించాడు. ఆయనే చక్రవర్తి రాజగోపాలాచారి. దేశ ప్రజలు ఆప్యాయంగా పిలుచుకొన్న పేరు రాజాజీ.

1878 డిసెంబరు 10వ తేదీన హోసూరు సమీపమందలి తొరపల్లి గ్రామంలో ఆయన జన్మించారు. తండ్రి వెంకటార్య అయ్యంగారు ఆ గ్రామానికి మున్సబు. తల్లి సింగారమ్మ. ఇంటి భాష తమిళమైనను, చుట్టుపట్ల ఊళ్లలో తెలుగు, కన్నడ భాషలు వాడుకలో ఉండేవి. చిన్న చిన్న తగవులను విని పరిష్కరించే అధికారం ఆనాటి గ్రామ మున్సబుకు ఉండేది. ఇరుపక్షాల మాట వినక తీర్పు చెప్పరాదన్న నియమానికి పల్లెలోని రచ్చబండ మొదలు దేశాల నడుమ న్యాయస్థానం వరకు ఒకే విలువ. తొరపల్లిలో ఓనమాలు దిద్దిన రాజాజీ హోసూరు ప్రభుత్వ పాఠశాలలో చదివి, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులై, మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించారు. పిమ్మట సేలంలో వకీలుగా స్థిరపడి, స్వల్పకాలంలోనే గొప్ప పేరు గడించారు. 1917లో సేలం పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు.

గాంధీమహాత్ముని పిలుపు విన్న పిదప ఆ సంపాదనంతా ఆయనకు తృణప్రాయమైంది. వృత్తిని విడిచి సహాయ నిరాకరణోద్యమంలో దూకి, వెల్లూరు చెరసాలలో శిక్ష అనుభవించారు. 1925లో తిరుచెంగోడు సమీపాన ఆశ్రమం నెలకొల్పి ఖద్దరు, మద్యనిషేధం, అస్పృశ్యతా నివారణ కార్యక్రమాలు సాగించారు. 1930 ఏప్రిల్‌లో తిరుచిరాపల్లి నుండి వేదారణ్యం వరకు ఉప్పు సత్యాగ్రహ యాత్ర నడిపారు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధాని పదవి చేపట్టారు.

ఆ పదవిలో ఉండగానే ఆయనకొక పరీక్ష ఎదురయింది. 1939 సెప్టెంబరు 3న రెండవ ప్రపంచ యుద్ధంలో భారతదేశం కూడా పాల్గొంటున్నదని వైస్రాయి ప్రకటించాడు. ముప్పది కోట్లకు పైబడిన జనాన్ని యుద్ధంలోకి దించుతూ వారి ప్రతినిధులలో ఒక్కరినైనా సంప్రదించలేదు. అక్టోబరు చివర రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. అయితే దురాక్రమణను ఎదిరించడమే తప్పని ఆయన తలచలేదు. స్వాతంత్ర్యం అంగీకరించి జాతీయ ప్రభుత్వం ఏర్పరచినచో దేశరక్షణలో సహకరించవచ్చునని 1940లో కాంగ్రెసును ఒప్పించినవారు ఆయనే. ఆ విషయంలో గురుతుల్యుడైన గాంధీజీతోనే విభేదించారు. ఆత్మరక్షణ వేరు, పరుల గడ్డపై దండెత్తడం వేరు అన్న ఈ వివేకం ఆయన తరువాతి జీవితానికంతటికి పునాది.

1945లో వెలసిన ఐక్యరాజ్యసమితి అధికార పత్రంలో ఈ వివేకమే ప్రపంచ శాసనంగా రూపొందింది. ఏ దేశమైనను మరొక దేశపు ప్రాదేశిక సమగ్రతకు, రాజకీయ స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా బలప్రయోగం చేయరాదని రెండవ అధికరణం విధించింది. సాయుధ దాడికి గురియైన దేశానికి ఆత్మరక్షణ హక్కు ఉన్నదని ఏబది యొకటవ అధికరణం గుర్తించింది. ఈ నియమాన్ని మీరిన వారిలో దానిని రచించిన అగ్రరాజ్యాలే ముందుండడం చరిత్రలోని విషాదం.

స్వతంత్ర భారతంలో రాజాజీ పశ్చిమ బెంగాల్ గవర్నరుగా, 1948 జూన్ నుండి 1950 జనవరి 26 వరకు దేశపు చిట్టచివరి గవర్నరు జనరలుగా, అనంతరం కేంద్ర హోంమంత్రిగా, 1952 నుండి 1954 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేశారు. 1954లో భారతరత్న బిరుదం పొందారు. ఆయన నిర్ణయాలన్నీ సర్వజనామోదం పొందినవి కావు. 1937లో పాఠశాలల్లో హిందీ ప్రవేశపెట్టడం, 1953 నాటి ప్రాథమిక విద్యా పథకం తీవ్ర నిరసనలకు గురియైనాయి. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ జరిగినది ఆయన ముఖ్యమంత్రిత్వ కాలంలోనే. ఆంధ్రోద్యమం పట్ల ఆయన వైఖరి తెలుగువారి మనస్సులను నొప్పించింది. సరిహద్దుకు ఈవల మిగిలిన తెలుగు కుటుంబాలకు ఆ బాధ ఇంకొంత ఎక్కువ. ఈ వాస్తవాన్ని మరుగుపరచనక్కరలేదు. మహనీయుల జీవితాలను గుణదోషాలతో గ్రహించినప్పుడే వాటినుండి నేర్వవలసినది స్పష్టమవుతుంది.

పదవులు వీడిన తరువాతనే రాజాజీ వాణికి పదును హెచ్చింది. 1956 జూలైలో ఈజిప్టు సూయెజ్ కాలువను జాతీయం చేసింది. అక్టోబరు చివర ఇజ్రాయెల్, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్సు ఆ దేశంపై దాడికి దిగాయి. భద్రతామండలిలో బ్రిటన్, ఫ్రాన్సులకు వీటో అధికారం ఉన్నందున అక్కడ తీర్మానం సాగలేదు. సర్వప్రతినిధి సభ అత్యవసరంగా సమావేశమై యుద్ధ విరమణ కోరింది. ప్రపంచాభిప్రాయానికి, అమెరికా ఒత్తిడికి తలవంచి డిసెంబరులో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు వైదొలగాయి. ఆ దినాలలో, దురాక్రమణకు పాల్పడిన బ్రిటన్‌తో కూడిన కామన్వెల్తులో భారతదేశం కొనసాగరాదని రాజాజీ నిస్సంకోచంగా కోరారు. ఆంగ్ల సాహిత్యాన్ని అభిమానించి, ఆంగ్లంలో అందరికంటె చక్కగా వ్రాయగల పెద్దమనిషి పలికిన మాట అది.

1959 మార్చిలో టిబెట్టులో తిరుగుబాటును చైనా అణచివేయగా దలైలామా భారతదేశంలో శరణు పొందారు. టిబెట్టుపై చైనాకు ఉన్నది సార్వభౌమత్వమా, ఆధిపత్యమా అని పండితులు తర్కించసాగారు. ఒక జాతి తన ఇచ్ఛానుసారం బ్రతుకు హక్కును శబ్దార్థ చర్చలలో ముంచివేయరాదని రాజాజీ వాదించారు. అక్టోబరులో ఐక్యరాజ్యసమితిలో టిబెట్టు ప్రజల హక్కులను గౌరవించాలన్న తీర్మానం వచ్చినపుడు భారత ప్రతినిధి ఓటు వేయక తటస్థంగా ఉండిపోయాడు. స్వతంత్ర పార్టీని స్థాపించి ప్రతిపక్షంలో నిలిచిన రాజాజీ తన భావాన్ని దాచుకొనలేదు.

పరదేశాల తప్పులెన్నడం సులభం. స్వదేశం విషయంలో అదే తూనికరాయి వాడడం దుష్కరం. 1961 డిసెంబరులో భారత సేనలు గోవాలో ప్రవేశించి, రెండు దినాలలో నాలుగున్నర శతాబ్దాల పోర్చుగీసు పాలనకు చరమగీతం పాడాయి. పదునాలుగేండ్లు సంప్రదింపులకు పోర్చుగల్ చెవియొగ్గలేదన్నది నిజం. వలసపాలన ఒక నిరంతర దురాక్రమణయే అన్న భారత వాదనలో బలమున్నది. దేశమంతా హర్షించింది. ఆ ఆనందోత్సాహాల నడుమ రాజాజీ ఒంటరిగా భిన్నస్వరం వినిపించారు. సైనిక బలాన్ని ఆశ్రయించినందువలన, ఇతరుల బలప్రయోగాన్ని ఖండించే నైతికార్హతను భారతదేశం కోల్పోయిందని వ్రాశారు. ఆ తీర్పుతో ఏకీభవించని వారు నాడును అనేకులు, నేడును అనేకులు. అయినను తన దేశం గెలిచిన నాడు ఈ ప్రశ్న వేయగలిగిన ధైర్యమే, పరదేశాధినేతల ఎదుట ఆయన మాటకు విలువ తెచ్చింది.

ఆ అవకాశం మరుసటి సంవత్సరమే వచ్చింది. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలో జరిపిన ఉదజని బాంబు పరీక్ష వలన దూరాన చేపలు పట్టుకొనుచున్న జపాను పడవలోని 23 మందిపై విషధూళి కురిసింది. వారిలో ఒకరు కొన్ని నెలలకే మరణించారు. 1961 అక్టోబరులో సోవియట్ యూనియన్ అంతవరకు ఎరుగనంతటి మహావిస్ఫోటనం జరిపింది. 1962 ఏప్రిల్‌లో అమెరికా కూడ ఆకాశ పరీక్షలను తిరిగి ప్రారంభించింది. గాలికి సరిహద్దులు లేవు. ఒకరి పరీక్షా ధూళి మరొకరి పొలంపై, పశువుల మేతపై, పసిపిల్లల పాలలో పడుతుంది. యుద్ధం ప్రకటించకయే, ఏ వైరమూ లేని జాతులపై సాగే ఈ దాడికి ఏ రాజ్యానికి హక్కున్నదన్నది రాజాజీ ప్రశ్న. ఉభయులూ ఒప్పుకొనే వరకు వేచియుండక ఒకరైనా ముందుగా మానవలెనని ఆయన బోధ.

1962 సెప్టెంబరులో గాంధీ శాంతి ప్రతిష్ఠానం పక్షాన ఆర్. ఆర్. దివాకర్, బి. శివరావులతో కలిసి ఆయన అమెరికా వెళ్లారు. అప్పటికి ఆయనకు ఎనుబది మూడేండ్లు. ఖద్దరు పంచె, ఉత్తరీయంతో అధ్యక్షుడు కెనడీని కలిసికొన్నారు. నిర్ణీత సమయం ముగిసినను సంభాషణ ముగియలేదు. వయస్సులో ఎంతో చిన్నవాడైన అధ్యక్షుడు ఆ వృద్ధుని వాదం శ్రద్ధగా ఆలకించాడు. నెల తిరుగకముందే క్యూబా క్షిపణుల సంక్షోభం తలెత్తి, ప్రపంచం అణుయుద్ధపు అంచున నిలిచింది. 1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశాలు ఆకాశంలోను, అంతరిక్షంలోను, నీటిలోను అణుపరీక్షలను నిషేధించే ఒడంబడికపై సంతకాలు చేశాయి. ఆ ఫలితానికి కారణాలు అనేకం. దానిని ఒక్క రాజాజీకి ఆపాదించడం ఉచితం కాదు. భూగర్భ పరీక్షలు ఆ తరువాత కూడ సాగాయి. అయినను అగ్రరాజ్యాలు కూడ ఒక గీతకు లోబడవచ్చునని ఆ సంతకాలు రుజువు చేశాయి.

1966 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సభామందిరంలో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసినప్పుడు, శాంతిని అర్థిస్తూ రాజాజీ ఆంగ్లంలో రచించిన ప్రార్థనాగీతం కూడ ఆ సభలో వినిపించింది. 1972 డిసెంబరు 25న మద్రాసులో, తొంబది నాలుగేండ్లు నిండిన పిదప ఆయన పరమపదించారు. మరుసటి సంవత్సరం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు ఫ్రాన్సు జరిపే ఆకాశ పరీక్షలపై అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టాయి. విషధూళి తమ భూములపై పడరాదన్న వారి మొరను ఆలకించి న్యాయస్థానం తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. 1974లో ఫ్రాన్సు ఆకాశ పరీక్షలు విరమించుకొంటున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం మే నెలలో భారతదేశం పోఖ్రాన్‌లో తన తొలి అణుపరీక్ష జరిపింది. రాజాజీ జీవించియుండినచో ఏమనియుండెడివారో ఆయన గోవా వ్యాసం ఎరిగిన వారు ఊహించుకొనవచ్చును.

తొరపల్లిలో ఆయన జన్మించిన ఇల్లు నేడు స్మారక భవనమై నిలిచియున్నది. సేలం జిల్లా నుండి 1965లో ధర్మపురి, దానినుండి 2004లో కృష్ణగిరి జిల్లా విడివడినాయి. గీతలు మారినను ఆ ఇల్లు మారలేదు. ఆ గడపలో అడుగిడిన విద్యార్థి గుర్తుంచుకొనవలసినది పదవుల పట్టిక కాదు. న్యాయం మిత్రునికి ఒకటి, శత్రువుకు ఒకటి కారాదు. బలవంతుడు తప్పు చేసినపుడు అతడు ఆంగ్లేయుడైనను, రష్యనైనను, చైనీయుడైనను, అమెరికనైనను, చివరకు తనవాడైనను ఏ హక్కుతో అని అడుగవలెను. సేనలు లేనివారికి ఆ ప్రశ్నయే ఆయుధం. ఈ సీమ బాలబాలికలు ఆ ఆయుధాన్ని తుప్పు పట్టనీయక కాపాడుకొందురు గాక.