ఆండర్సన్ ఇంటి ఎలుగుబంటి

సికింద్రాబాదు నుండి కరీంనగరం పోయే రాజబాటలో హకీంపేట దాటగానే తూంకుంట వస్తుంది. దానికి ఆవల శామీర్‌పేట చెరువు, ఈవల కొద్ది మైళ్ళ దూరంలో బొల్లారం. బొల్లారం ఒకప్పుడు నిజాము రాజ్యంలో ఆంగ్ల సైన్యానికి విడిదిపట్టు. ఆ దండు ప్రదేశంలో 1910 మార్చి 8వ తేదీన, ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడిన ఒక స్కాట్లండు కుటుంబంలో ఒక శిశువు జన్మించినాడు. దక్షిణ భారతారణ్యాలను గూర్చి గ్రంథాలు వ్రాసి, ప్రపంచమంతట పాఠకులను సంపాదించుకొన్న కెన్నెత్ ఆండర్సన్ ఆ శిశువే. తూంకుంట, అల్వాలు, మేడ్చల్ ప్రాంతాల విద్యార్థులలో అతని పాఠాన్ని చదివినవారు అనేకులు కలరు. అతడు తమ పొరుగున పుట్టినవాడని ఎరిగినవారు మాత్రం తక్కువ.

అతని తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూచే శాఖలో అధికారి. బాలుని విద్యాభ్యాసం బెంగుళూరులో, బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను జరిగినది. న్యాయశాస్త్రం చదువుటకు స్కాట్లండు పంపినారు గాని ఆ చదువు అతనికి రుచించలేదు. మనస్సంతా ఇక్కడి అడవుల మీదనే ఉండుటచేత తిరిగి వచ్చివేసినాడు. కొంతకాలం తంతి తపాలా శాఖలోను, తరువాత బెంగుళూరులోని విమాన కర్మాగారంలోను ఉద్యోగం చేసినాడు. బ్లాసమ్ అనే యువతిని వివాహమాడినాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. కుమారుడు డొనాల్డు కూడ తండ్రివలెనే అడవి మనిషి అయినాడు.

ఉద్యోగం బ్రతుకుతెరువు. బ్రతుకు మాత్రం అడవిలోనే. సెలవు దొరికిన ప్రతి దినం ఆండర్సన్ ఏదో ఒక కొండకోనలో గడిపేవాడు. మనుష్యులను చంపుట మరిగిన పులులను, చిరుతలను చంపుటకు ప్రభుత్వం వారు అతనిని కోరేవారు. ఆ పనిమీద అతడు మన తెలుగునాట కూడ విస్తారంగా సంచరించినాడు. అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, రేణిగుంటకు చేరువనున్న మామండూరు అడవి అతని కథలలో చిరస్థాయిగా నిలిచిపోయినవి. సాలెపురుగుకు, పామునకు, ఏనుగునకు మోక్షమిచ్చిన శ్రీకాళహస్తి ఆ అడవులకు దూరం కాదు. మృగాన్ని మనిషితో సమానంగా కైలాసానికి ఎత్తిన నేల అది. అదే నేలమీద తుపాకి పట్టి తిరిగిన ఈ వేటగాడు క్రమంగా మృగపక్షపాతిగా మారుట వింతగా తోచదు.

అతని మొదటి గ్రంథం 1954లో వెలువడినది. తొమ్మిది నరభక్షకాల కథలు, ఒక మదపుటేనుగు కథ అందులోని వస్తువు. అటుపిమ్మట రెండు మూడేండ్లకు ఒకటిగా పుస్తకాలు వచ్చినవి. ఆ పుస్తకాలలో వేట ఎంత ఉన్నదో, వేటకు తోడుపడిన ఆటవికుల గుణగానం అంత ఉన్నది. బైరుడనే పూజారి జాతి వాడు అడుగుజాడలు చదువుట, గాలివాలు కనిపెట్టుట, లేడి అరుపులోని అర్థం గ్రహించుట ఎరిగిన మేటి. చదువు లేని ఆ మనిషిని మిత్రునిగా, గురువుగా భావించి ఆండర్సన్ వ్రాసినాడు. అడవిలో ఊరక చంపుట నేరమని, ప్రాణహాని కలిగించని జంతువు జోలికి పోరాదని అతని నియమం.

ఆ నియమాన్ని అతని సహచరుడొకడు మీరినాడు. ఆండర్సన్ ఇంటికి ఎలుగుపిల్ల వచ్చుటకు అదే కారణం.

మైసూరు దగ్గర చెరకుతోటలలో అడవిపందులు పడి పైరు పాడుచేస్తూ ఉంటే, కొందరు తుపాకులతో వాటిని తరుముతున్నారు. ఆండర్సన్, అతని మిత్రులు ఆ దారినే పోతున్నారు. పందుల సందడి సద్దుమణిగిన తరువాత, ఎండకు రొప్పుతూ ఒక ఎలుగు తోటలోనుండి బయటకు వచ్చినది. అది ఎవరి మీదికీ రాలేదు. అయినను మిత్రులలో ఒకడు దానిని కాల్చి పడవేసినాడు. పడిన ఎలుగు వీపుమీది నల్లని బొచ్చు కదలినది. అందరు ఆశ్చర్యపడి చూడగా, ఆ బొచ్చులోనుండి ఒక పిల్ల దిగి, చనిపోయిన తల్లి చుట్టు ఏడుస్తూ తిరుగసాగినది. మన దేశపు ఎలుగుబంటి తన పిల్లలను నెలల తరబడి వీపున మోసుకొని తిరుగుతుంది. తల్లి వీపే ఆ పిల్లకు ఉయ్యాల, కోట. ఒక్క గుండుతో ఆ కోట కూలినది.

ఆండర్సన్ దాని వెంటపడి, గోళ్ళతో రక్కుతున్నా విడువక మెడపట్టి పట్టుకొన్నాడు. గోనెసంచిలో వేసి బెంగుళూరు తెచ్చి భార్యకు ఇచ్చినాడు. ఆమె సంతోషానికి మేర లేదు. మెడకు రంగు నాడా కట్టి, బ్రూనో అని పేరు పెట్టినది. సీసాతో పాలు త్రాగుట నేర్చిన ఆ పిల్ల కొద్ది దినాలలోనే సర్వభక్షకుడైనది. అన్నం, కూర, రొట్టె, గ్రుడ్లు, మిఠాయి, మజ్జిగ, కాఫీ, నిమ్మరసం వీటిలో దానికి పనికిరానిది లేదు. కారానికి కూడ వెనుదీయలేదు. ఇంట్లోని రెండు అల్సేషియన్ కుక్కలతో, బంగళాలో అద్దెకున్నవారి పిల్లలతో అది కలిసి ఆడేది. వంటింట్లో దూరేది. యజమానుల పడకలమీదనే నిద్రించేది.

ఇంతవరకు ఇది ముచ్చట. ముచ్చట వెనుక బరువు ఎంతటిదో ఆ ఇంటివారికి త్వరలోనే తెలిసివచ్చినది. గ్రంథాలయంలో ఎలుకలు పుస్తకాలను కొరుకుతున్నవని ఆండర్సన్ బేరియం కార్బొనేటు అనే విషాన్ని పెట్టించినాడు. బ్రూనో దానిని తిన్నది. కాళ్ళు చచ్చుపడి, నేలమీద ప్రాకుతూ, ప్రాణం నిలుపుకొనుటకు అది చేరినది ఎవరిని? బ్లాసమ్‌ను. ఆండర్సన్ కారులో పశువైద్యుని ఇంటికి పరుగెత్తించినాడు. ఎలుగుబంటికి ఈ విషం దిగితే ఏమి చేయవలెనో వైద్యునికి కూడ అలవాటు లేదు. పుస్తకాలు తిరగవేసి, విరుగుడు మందు సూదితో ఎక్కించినాడు. పది నిమిషాలకు గుణం కనిపించలేదు. మరల అంతే మందు ఎక్కించినాడు. అరగంట గడిచిన తరువాత బ్రూనో లేచి నిలిచి కడుపునిండ మేసినది. మరొకసారి, చెదల నివారణకు దాచిన పాత ఇంజను నూనె దాదాపు ఒక గాలను త్రాగివేసినది. అదృష్టవశాత్తు దానివలన ఏ కీడు కలుగలేదు.

మూగజీవాన్ని ఇంట పెట్టుకొన్నవాడు తన ఇంటిని కూడ దాని కన్నులతో చూడవలెను. మనకు ఎలుకల మందు, దానికి ఆహారం. మనకు పారబోయవలసిన నూనె, దానికి పానీయం. పెంచిన బిడ్డ వలెనే పెంచిన జంతువు కూడ ప్రమాదం నుండి మనలను అడుగకుండానే రక్షణ కోరుతుంది. ఈ సంగతి ఆండర్సన్ సులభంగా నేర్వలేదు.

నెలలు గడిచినవి. బ్రూనో కుక్కలకంటె ఎత్తు పెరిగినది. బ్లాసమ్ దానికి బాబా అని ముద్దుపేరు పెట్టినది. అది ఎన్నో విద్యలు నేర్చినది. కుస్తీ అంటే కుస్తీ పట్టేది. కర్ర ఇచ్చి తుపాకి పట్టుమంటే గురి చూపేది. పాపాయి ఏదంటే, తన గడ్డిపడకలో దాచుకొన్న ఒక మొద్దును తీసి, ఒడిలో పెట్టుకొని లాలించేది. కాని అద్దెవారి పిల్లల క్షేమం చూడవలెను గదా! అందుచేత బాబాను ఎక్కువసేపు గొలుసుతో కట్టివేయవలసి వచ్చినది. ఆటకు అలవడిన ప్రాణికి గొలుసు చెరసాల. చివరకు భర్త, కుమారుడు, స్నేహితులు అందరు కలిసి నచ్చజెప్పి, మైసూరు జంతుశాలకు ఇచ్చివేయుటకు బ్లాసమ్‌ను ఒప్పించినారు. జంతుశాలవారు బోను పంపగా, బాబా 87 మైళ్ళ దూరం లారీలో వెళ్ళిపోయినది.

ఇల్లు నిశ్శబ్దమైనది. కొంత నిశ్చింతగా కూడ ఉన్నదని ఆండర్సన్ దాచకుండా వ్రాసినాడు. బ్లాసమ్‌కు మాత్రం కూడు సహింపలేదు. అక్కడ బాబాకు కూడ సహింపలేదు. ఆమె ఉత్తరాలు వ్రాసినది. మైసూరు పోయే ప్రతి మిత్రుని చూచి రమ్మని వేడినది. ఆరోగ్యంగానే ఉన్నది గాని చిక్కిపోయి దిగులుగా ఉన్నదని అందరి సమాధానం. మూడు నెలలు ఆమెను ఆపగలిగిన ఆండర్సన్ ఆపై ఆపలేకపోయినాడు. కారులో తీసుకొనిపోయినాడు. ఆ ఎలుగు తనను పెంచినామెను గుర్తింపదని అందరు అనుకొన్నారు. కాని బోను ఇంకా కొన్ని గజాల దూరంలో ఉండగానే అది ఆమెను చూచి ఆనందంతో అరచినది. తలక్రిందుగా నిలిచినది. మూడు గంటలసేపు ఆమె బోను విడువలేదు. తలుపులు మూసే వేళ ఆమె ఏడ్చినది. ఎలుగు ఏడ్చినది. జంతుశాల సిబ్బంది కూడ చలించినారు.

ఇచ్చిన జంతువు ప్రభుత్వపు ఆస్తి. దానిని తిరిగి ఇచ్చుటకు బెంగుళూరులోని పై అధికారి అనుమతి కావలెను. ఆమె వెళ్ళి ప్రార్థించగా ఆ దయామయుడు అంగీకరించినాడు. బాబా చిన్న బోనులో, కారు పైకప్పుమీద, మెల్లగా ఇంటికి చేరినది. ఈసారి ఆండర్సన్ గొలుసు వేయలేదు. తన ఆవరణలో 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పుగల ఒక దీవిని కట్టించినాడు. దాని చుట్టు 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతుగల ఎండు కందకం త్రవ్వించినాడు. ఒకప్పుడు కోళ్ళుండిన కొయ్యపెట్టె దానికి పడకటిల్లు. మామిడికొమ్మకు కట్టిన త్రాటి ఉచ్చులో కాలుంచి, బ్లాసమ్ కందకాన్ని ఊగి దాటి దీవిమీదికి పోయేది. పదునైదు నెలల ప్రాయంగల ఆ బరువైన బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని గంటలు గడిపేది.

ఈ కథ చదివినపుడు నాకు భాగవతం జ్ఞాపకం వస్తుంది. గంగన తెనిగించిన పంచమ స్కంధంలో భరతుని వృత్తాంతం కలదు. సింహగర్జనకు బెదరి ఏటిని దాటబోయిన లేడి తన పిల్లను నీటిలో జారవిడిచి మరణిస్తుంది. తపస్సు చేసుకొనుచున్న భరతుడు ఆ అనాథను రక్షించి పెంచుతాడు. దానిమీది మమకారంలో జపతపాలు మరచి, దానినే తలచుకొంటూ మరణించి, లేడియై పుడతాడు. మమకారం బంధమని పురాణం బోధించినది. ఆ బోధ ముముక్షువుకు సరిపోతుంది. గృహస్థుకు ఇంకొక పాఠం కూడ కావలెను. తల్లిని పోగొట్టుకొన్న పిల్లను చేతికెత్తుకొన్న క్షణాననే ఆ బంధం ఏర్పడినది. ఇక దానిని నెరవేర్చుటయా, మధ్యలో త్రెంచుటయా అన్నదే గృహస్థు ముందున్న ప్రశ్న. బాబాను జంతుశాలకు పంపినపుడు ఆండర్సన్ త్రెంచబోయినాడు. దీవి కట్టించినపుడు నెరవేర్చినాడు. ప్రేమ బ్లాసమ్‌ది, దానికి తగిన చోటు కల్పించుట ఆండర్సన్ వంతు. రెండు కలిసినప్పుడే పెంపకం అవుతుంది.

అయినను ఈ కథను చదివి ఎలుగుపిల్లను పెంచవలెనని ఎవరు ముచ్చటపడరాదు. చెదపురుగుల పుట్టలను త్రవ్వుటకు పొడవైన గోళ్ళు, వాటిని పీల్చుటకు ముందుకు సాగే పెదవులు గల ఈ జంతువు అడవికే పుట్టినది. ఒకప్పుడు ముక్కుకు త్రాడు గ్రుచ్చి ఎలుగుబంట్లను వీధులలో ఆడించేవారు. ఆ ఆటకు పిల్ల దొరకవలెనంటే సాధారణంగా తల్లి చావవలెను. ఆ వృత్తివారికి వేరు జీవనోపాధి చూపి, సుమారు 2009 నాటికి దేశంలో ఆ ఆటను మాన్పించినారు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఎలుగును ఇంట ఉంచుట నేరం. పంజరంలో రామచిలుకను, తొట్టిలో నక్షత్ర తాబేలును ఉంచుట కూడ నేరమే. అడవి పిల్ల దిక్కులేక కనిపిస్తే అటవీశాఖవారికి తెలుపుట మన ధర్మం.

ఇక కుక్క, పిల్లి, ఆవు, మేక వంటి ఇంటి జంతువుల మాట. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, పెంచిన ప్రాణిని ఆకలిదప్పులకు అకారణంగా విడిచిపెట్టుటను శిక్షార్హంగా ఎంచినది. నగరం తూంకుంట దాటి శామీర్‌పేట వరకు వ్యాపిస్తున్న ఈ రోజులలో, క్రొత్త ఇండ్లలో పిల్లల ముచ్చట కొరకు కుక్కపిల్లను తెచ్చి, అది పెరిగిన పిమ్మట వీధికి వదలుట మనం చూడని సంగతి కాదు. పిచ్చికుక్క కాటు వ్యాధికి టీకా, సంతాన నియంత్రణ, రోజుకు రెండు పూటల తిండి, నీరు, నడక, మనం ఊరికి పోతే చూచేవారెవరన్న ఆలోచన: ఇవన్నీ పిల్లను తెచ్చుటకు ముందే వేసుకొనవలసిన లెక్కలు. ఆ లెక్క కుదరనివారు దూరం నుండి ప్రేమించుటలో తప్పు లేదు. హైదరాబాదు నెహ్రూ జంతుశాలలో నిర్ణీత కాలానికి ఒక జంతువు పోషణభారం వహించే ఏర్పాటు కూడ కలదు.

తుదినాళ్ళలో ఆండర్సన్ తుపాకి కంటె కెమెరాను ఎక్కువగా పట్టినాడు. అడవులు తరిగిపోవుటను, పులులు అంతరించుటను చూచి బాధపడుతూ, వాటిని కాపాడవలెనని తన పుస్తకాలలో వేడినాడు. వన్యప్రాణుల చట్టం వచ్చిన 1972లోనే అతనికి ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు ఉన్నట్లు తెలిసినది. 1974 ఆగస్టు 30న, 64వ ఏట, బెంగుళూరులో మరణించినాడు. అతని కథలలో చివరి సంపుటం మరణానంతరం వెలువడినది.

బాబా వృత్తాంతం ఒకప్పుడు సి.బి.ఎస్.ఇ. తొమ్మిదవ తరగతి ఆంగ్ల వాచకంలో పాఠంగా ఉండేది. ఆ కథను చెప్పే ఉపాధ్యాయులు ఒక చిన్న విషయాన్ని పిల్లల దృష్టికి తెచ్చుట మంచిది. బాబాను జంతుశాలకు పంపివేసిన పిమ్మట అది తిరిగి వస్తుందన్న ఆశ ఆ ఇంటిలో ఎవరికీ లేదు. అయినను అది పాపాయిగా ఆడించిన మొద్దును, తుపాకిగా పట్టిన వెదురు కర్రను ఎవరు పారవేయలేదు. మూడు నెలలు భద్రపరచి, దీవిమీదికి చేరిన వెంటనే తిరిగి దాని చేతికి ఇచ్చినారు. అది నిలుచుండి కర్రను గురిపెట్టినది. మొద్దును ఒడికి చేర్చుకొన్నది.